మోకు జారిన తర్వాత

మా నాయిన చేవెళ్ల దగ్గర తాళ్లు గీసేవాడు. 1986 ఎండాకాలంలో మోకు జారి చెట్టు మీంచి పడ్డాడు. వీపు మధ్యలో వెన్నుపూస విరిగి కాళ్లు పడిపోయాయి. పట్నంలో ఒక దవాఖానలో ఆరు వారాలు ఉంచుకుని, మూత్రం పైపు వేసి ఇంటికి పంపారు.

మొదట్లో అంతా పైపులోంచే వచ్చేది. రెండు నెలలకు కాళ్లు వాటంతటవే కొట్టుకోవడం మొదలైంది. పైపు ఉండగానే దాని పక్క నుంచి ఉచ్చ కారి బొంత తడిసేది. పైపు సన్నగా ఉందనుకుని అమ్మ లావుది వేయించింది. అప్పుడు ఇంకా ఎక్కువ కారింది. చలిజ్వరాలు వచ్చాయి, తర్వాత కిడ్నీలు పోయాయి. మూడేళ్లే బతికాడు.

నర్సునయ్యాకే ఆ కారడం అర్థమైంది. వెన్నుపాము దెబ్బతిన్న కొత్తలో మూత్రాశయం మొద్దుబారి ఉంటుంది. కొన్ని వారాలకు మెదడు మాట అందక, తనంతట తానే పిండుకోవడం మొదలుపెడుతుంది. అదే సమయంలో కింది కండరం కూడా బిగుసుకుంటే లోపలి ఒత్తిడి కిడ్నీలకు ఎగదన్నుతుంది. పైపు లావైన కొద్దీ మూత్రాశయం ఇంకా రేగుతుంది. మనిషిని చంపేది విరిగిన వెన్ను కాదు, ఈ ఒత్తిడీ దాని వెంట వచ్చే చీమూ.

ఈ బాధ కొత్తది కాదు. సుశ్రుతుడు మూత్రాఘాతాలు, అంటే మూత్రం అడ్డుపడే జబ్బులు, 12 రకాలని చెప్పి, వాతం మూత్రాశయం నోరు మూసే వాతబస్తిని అందులో చేర్చాడు. ఈజిప్టు పాతవైద్యులు మెడ విరిగి కాళ్లూ చేతులూ పడిపోయినవాణ్ని వైద్యం చేయదగని రోగి అని రాసుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో వెన్ను విరిగిన సైనికుల్లో ఎక్కువమంది మూత్రంలో చీముతో, పడకపుండ్లతో పోయారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ వెన్ను విరిగినవాళ్లకోసం ప్రత్యేక వార్డు తెరిచాడు. పైపును ఎప్పుడూ లోపలే ఉంచకుండా, క్రిములు లేని గొట్టంతో కొన్ని గంటలకోసారి మూత్రం తీయించాడు. 1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ ఇంకో మెట్టు ఎక్కాడు: సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు, రోగి తానే తీసుకోవచ్చన్నాడు. మూత్రాశయాన్ని నిండి సాగనివ్వకపోవడమే అసలు రక్షణ అన్నాడు. పిండుడు తగ్గించే ఆక్సిబ్యుటినిన్ మాత్ర 1975కే వచ్చింది. మా నాయిన పడేనాటికి ఈ రెండూ ఉన్నాయి. మా ఊరికి ఏదీ చేరలేదు. ఆ కోపం నాకు తగ్గదు.

ఇప్పుడు మొయినాబాద్ మండలం యెన్కపల్లిలో మెడికల్ కాలేజీ ఉంది, చేవెళ్లలోనూ ఉంది. 2024లో మా జిల్లాలోనే గీత కార్మికులకు చెట్టు మీంచి పడకుండా కాటమయ్య రక్షణ కవచాలు ఇవ్వడం మొదలైంది. అయినా మర్రిచెట్ల బీజాపూర్ రోడ్డు మీద ప్రమాదాల్లో వెన్నులు విరుగుతూనే ఉన్నాయి.

నేను చూసుకునే పిల్లవాడు ఆ రోడ్డు మీదే బండి మీంచి పడ్డాడు. నాలుగు గంటలకోసారి చేతులు కడుక్కుని, సన్నటి నెలటాన్ గొట్టంతో కొలత సీసాలోకి మూత్రం తీస్తాడు. ఎంత తాగాడో, ఎంత వచ్చిందో, మధ్యలో ఎంత కారిందో నోట్‌బుక్కులో రాస్తాడు. పట్నంలో యూరోడైనమిక్ పరీక్ష చేయించాం. సన్నటి పైపుతో నీళ్లు నింపుతూ లోపలి ఒత్తిడిని గీతగా చూపిస్తారు. మూత్రం కారేటప్పటి ఒత్తిడి 40 సెంటీమీటర్ల నీటిమట్టం దాటితే కిడ్నీలకు ముప్పు. ఇతనిది దాటింది. మాత్రలు నోరు ఎండబెడుతున్నాయి కానీ కారడం తగ్గింది. అవి చాలకపోతే బొటాక్స్ సూది ఉంది, కొన్ని నెలలు పనిచేస్తుంది.

మొన్న అమ్మకు ఆ గొట్టం చూపించాను. చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. నాయినకు వేయించిన లావు పైపు ఎంత ఉండేదో తన చిటికెనవేలు పట్టుకుని చూపించింది.