తొలకరికి ముందు చెరువు మట్టి: సేద్యపు సన్నాహంపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: తెలుగునాట వేసవిలో పొలానికి చెరువు మట్టి తోలడం భూమిని సాగుకు సిద్ధం చేసే పని. అదే చెరువు పూడిక తీసే పని కూడా. చేనుకూ చెరువుకూ గల ఈ బంధం ఎలా నిలిచింది, ఎందుకు సడలింది, ఆ శ్రమ ఫలం ఎవరికి దక్కింది అన్నవి ఈ వ్యాసంలోని పరిశీలనాంశాలు.

కీలకపదాలు: ఏరువాక, చెరువు మట్టి, పూడిక, దశబంధం, వెట్టి.

1. ఉపోద్ఘాతం

జ్యేష్ఠ పౌర్ణమినాటి ఏరువాక సేద్యానికి ఆరంభంగా ప్రసిద్ధం. అయితే అప్పటికే రైతు పని చాలావరకు జరిగి ఉంటుంది. వేసవి దుక్కులు, కంప కొట్టడం, గట్లు సరిచేయడం, పెంట తోలడం రోహిణి కార్తెలోపు ముగియాలి. మృగశిరలో తొలకరి పడ్డాక విత్తనానికి అదను కొద్దిరోజులే. ఈ పనుల్లో చెరువు మట్టి తోలడం ఒకటి. నీటిపారుదల చరిత్రనూ సేద్య చరిత్రనూ కలిపి చూసినప్పుడే దీని ప్రాధాన్యం తెలుస్తుంది.

2. చేను, చెరువు

తెలంగాణ, రాయలసీమల్లోని ఎర్ర చెలకలు, దుబ్బ నేలలు తేమను ఎక్కువకాలం నిలుపుకోలేవు. వాననీటితో కొట్టుకువచ్చిన మెత్తని ఒండ్రు చెరువు అడుగున చేరుతుంది. చైత్ర వైశాఖాల్లో చెరువు ఎండుతుంది. ఎడ్లకు కొంత తీరిక దొరుకుతుంది. అప్పుడు తోలిన మట్టితో చేను తేమ పట్టుకొంటుంది, చెరువుకు లోతు మిగులుతుంది.

క్రీ.శ. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం భాస్కర భవదూరుడు చెరువును కట్టించిన వృత్తాంతాన్ని వివరిస్తుంది. నిత్యం వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేసినట్లు అందులో ఉంది. కట్టించిన ప్రభువు పేరు శిలపై నిలిచింది. చెరువు నిలవడానికి మాత్రం ఏటేటా నిర్వహణ అవసరమైంది. నిర్మాణానికీ మరమ్మతుకూ ప్రతిఫలంగా ఇచ్చిన దశబంధ ఇనాములు ఈ అవసరం నుంచి పుట్టినవే.

3. సడలిన బంధం

మద్రాసు ప్రెసిడెన్సీలో 1858 నాటి నిర్బంధ శ్రమ చట్టం, గ్రామస్థులు ఆచారంగా చేసే చెరువు పనిని చట్టపరమైన బాధ్యతగా మార్చింది. ఆచారంగా సాగే శ్రమను చట్టంతో రాబట్టవలసి రావడమే ఆ ఆచారం బలహీనపడిందనడానికి సూచన. 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలైంది. కట్ట, తూము, అలుగుల బాగోగులు ప్రభుత్వ ఇంజనీర్ల పరిధిలోకి వచ్చాయి.

గ్రామ శ్రమను ఆదర్శంగా మాత్రమే చూడడం కూడా సరికాదు. నిజాం రాజ్యంలో వెట్టి కింద ఉన్న రైతు దొర పొలం పని ముగించాకే తన చేనికి వెళ్లగలిగేవాడు. అంతలో అదను దాటిపోయేది. భూమిలేనివారు మట్టి తవ్వినా, అది బండి, ఎడ్లు ఉన్నవారి చేలకే చేరేది. సేద్యపు సన్నాహంలో కాలం కూడా ఒక ఆస్తి. అది అందరికీ సమానంగా దక్కలేదు.

ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో రసాయన ఎరువులు, బోరుబావులు విస్తరించాయి. ఎడ్లబండ్లు తగ్గాయి. చెరువుతో నిమిత్తం లేకుండానే చేను సిద్ధం కాసాగింది.

4. ముగింపు

2015లో తెలంగాణలో ప్రారంభమైన మిషన్ కాకతీయ ఈ బంధాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. యంత్రాలతో పూడిక తీయించడం ప్రభుత్వ వంతు, మట్టిని చేనికి తోలుకోవడం రైతు వంతు అయింది. ఎడ్లబండి స్థానంలోకి ట్రాక్టరు వచ్చినా, బాడుగ భరించగలవారెవరన్న పాత ప్రశ్న మిగిలే ఉంది. కాబట్టి చెరువు చరిత్రను కట్ట పొడవుతోనూ ఆయకట్టుతోనూ కొలిస్తే చాలదు. వేసవిలో ఆ మట్టి ఎవరి చేనికి చేరిందో కూడా పరిశీలించాలి.