దులిపితే పోని బూజు

మాఘ, ఫాల్గుణ మాసాలలో గుంటూరు నుండి ఒంగోలు వరకు నల్లరేగడి నేలల మీద మిరప కల్లాలు ఎర్రగా పరచుకొని ఉంటవి. పండిన మిరపకాయ బరువులో సగానికి పైగా నీరే. తేమ నూటికి సుమారు పది పాళ్ళకు దిగేవరకు దానిని ఎండబెట్టవలెను. పగలు ఎండ ఎంత కాసినా రాత్రి మంచు కురుస్తుంది. ఒక్కొక్క ఏడు అకాల వర్షమూ పడుతుంది. టిక్కీలలో తొక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్ళు చిలకరించే అలవాటు కూడ ఉన్నది. ఇట్లు లోపల మిగిలిపోయిన తేమే గిడ్డంగిలో బూజుకు ఆధారము.

తెలుగులో బూజు అనే మాట సాలెగూటికీ చెల్లుతుంది, శిలీంధ్రమునకూ చెల్లుతుంది. ఇంటిమూల సాలెగూడును దులిపినట్లే దీనినీ దులిపితే సరిపోవునని అనుకోవడానికి ఆ మాటే కొంత కారణమేమో! చాలకాలము రైతులు, వర్తకులు బూజును రంగు చెడగొట్టే దోషముగానే ఎంచినారు. బూజుపట్టిన కాయకు ధర తగ్గేది. అంతకు మించిన భయము లేదు.

ఆ భయము మొదట పుట్టినది మిరప వలన కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చనిపోయినవి. కారణము తెలియక ఆ వ్యాధికి ‘టర్కీ ఎక్స్’ అని పేరు పెట్టినారు. వాటి మేతలో బ్రెజిల్ నుండి వచ్చిన వేరుసెనగ పిండి ఉన్నదనీ, ఆ పిండికి ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రము పట్టినదనీ తరువాత తేలినది. శిలీంధ్రము పేరులోని అక్షరాలతోనే దాని విషానికి అఫ్లటాక్సిన్ అనే పేరు వచ్చినది. ఇందులో బి1 అనే రకము మనుష్యుల కాలేయములో కాన్సరు కలిగించునని నిర్ధారణ అయినది. వంట వేడికి ఇది పూర్తిగా నశించదు. శిలీంధ్రము చచ్చినా, దానిని తుడిచివేసినా, కాయలో చేరిన విషము కాయలోనే ఉంటుంది.

మరి మిరప సంగతి ఏమిటి? పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 1998, 1999 సంవత్సరాలలో ఆంధ్రప్రదేశ్‌లోని ముఖ్యమైన మిరప మార్కెట్ యార్డుల నుండి, శీతల గిడ్డంగుల నుండి కాయలు సేకరించి పరీక్షించినారు. ఫలితాలు 2001లో వెలువడినవి. 182 నమూనాలలో నూటికి 59 పాళ్ళలో బి1 కనబడినది. నూటికి 18 పాళ్ళలో అది కిలోకు 30 మైక్రోగ్రాముల పరిమితిని దాటినది. ఈ పరిమితి ఎంత స్వల్పమో విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును: 33 టన్నుల మిరపలో ఒక్క గ్రాము! మూడవ తరగతి కాయల నమూనా ఒకదానిలో 969 మైక్రోగ్రాములు ఉన్నవి. అనగా పరిమితికి 32 రెట్లు. దుకాణాలలో అమ్మే కారపు పొడులలోనూ నూటికి దాదాపు 9 పాళ్ళు హద్దు మీరినవి. కాయగా ఉన్నప్పుడు కంటికి కనబడే మచ్చ పొడిలో కనబడదు గదా. శీతల గిడ్డంగిలో ఉంచిన సరుకులో మాత్రము విషము తక్కువగా ఉన్నది.

యూరపు దేశాలు బి1కు పెట్టిన హద్దు కిలోకు 5 మైక్రోగ్రాములే. కనుక మన యార్డులో చెల్లిన సరుకు అక్కడి రేవులో నిలిచిపోవచ్చును.

ఇక గిడ్డంగి మాట. గోడకు బూజు పట్టినదంటే ఎక్కడినుండో నీరు వస్తున్నదన్నమాట. పైకప్పు కారుట, నేల చెమ్మ, గాలి ఆడకపోవుట - ఇవి సరిచేయక గోడను ఎన్నిసార్లు కడిగినా బూజు మళ్ళీ వస్తుంది. పొడి చీపురుతో ఊడ్వడము అన్నిటికంటే చెడ్డ పని. కోట్లకొలది సిద్ధబీజాలు గాలిలోకి లేచి, ఊడ్చేవాని ఊపిరితిత్తులలోనూ పక్క బస్తాల మీదా పడతవి. ముందు సరుకును బయటికి చేర్చి, ముక్కుకు బిగుతైన మాస్కు, చేతులకు తొడుగులు వేసుకొని, సబ్బునీటి తడిగుడ్డతో తుడిచి, గోడను పూర్తిగా ఆరనీయవలెను. బ్లీచింగు ద్రావణము నున్నని గచ్చుమీద పనిచేస్తుంది గాని, చెక్కలోనికీ మట్టిగోడలోనికీ పాకిన బూజును అందుకోలేదు. దానిని ఆసిడ్‌తోగాని అమ్మోనియాతోగాని కలిపితే ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది. బూజెక్కిన గోనెసంచులను దులిపి తిరిగి వాడరాదు. కొత్త బస్తాలను గోడకు ఎడముగా, నేలకు తగలకుండా చెక్కబల్లల మీద పేర్చవలెను.

శీతల గిడ్డంగి తలుపు దగ్గర మరొక చిక్కు ఉన్నది. చల్లని బస్తాను వేసవి గాలిలోకి ఒక్కసారిగా తెస్తే, చన్నీళ్ళ చెంబుకు పట్టినట్లే కాయకు చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ ఆరకముందే బస్తాలను ఒకదానిపై ఒకటి పేర్చితే, నెలల తరబడి చలిలో నిద్రపోయిన సిద్ధబీజాలకు కావలసిన నీరు దొరికినట్లే.