ఊంధియు: బోర్లించిన కుండ పేరు

గుజరాతీలో ‘ఊంధుఁ’ అంటే తలకిందులు, బోర్లా అని అర్థం. ఆ మాట నుంచే ఊంధియు అనే గుజరాతీ వంటకం పేరు వచ్చింది. కూరగాయల పేరో, మసాలా పేరో కాకుండా కుండను పెట్టే తీరే వంటకానికి పేరైంది.

పాత పద్ధతిలో చిక్కుడుకాయలు, పెండలం, చిలగడదుంప, చిన్న వంకాయలు మట్టికుండలో నింపి, మూతిని ఆకులతో బిగించేవారు. కుండను బోర్లించి చుట్టూ మంట పెడితే, కూరగాయలు తమ నీటిలోనే మగ్గేవి. దక్షిణ గుజరాత్‌లో వల్సాడ్ వైపు ఉంబాడియు పేరుతో ఈ పద్ధతి ఇప్పటికీ బతికే ఉంది. అందులో నూనె వెయ్యరు, నీళ్లు పొయ్యరు. పొగ వాసన పట్టిన ఆ చిక్కుడుకాయ రుచే అసలు రుచి అని నా అభిప్రాయం.

సూరత్ ఊంధియు మాత్రం పచ్చగా ఉంటుంది. కొత్తిమీర, కొబ్బరి, పచ్చి వెల్లుల్లి కాడలు, వీటికి తోడు మెంతికూర కలిపి చేసిన ముఠియా ఉండలు, ధారాళంగా నూనె పడతాయి. కాఠియావాడ్‌లో ఎండుకారం ముందుకొస్తుంది. దుంపలు తినని జైనులు పెండలం మానేసి అరటికాయ వేస్తారు, వెల్లుల్లీ ఉండదు.

ఇళ్లలో ఇప్పుడు కుండను దాదాపుగా ఎవరూ బోర్లించడం లేదు. కుక్కర్‌లో ఉడికినా పేరు అదే. మన సంక్రాంతి రోజే అక్కడ ఉత్తరాయణ్: గాలిపటాలు, ఊంధియు, పూరీ, జిలేబీ. చలికాలంలో వల్సాడ్ మీదుగా వెళితే రోడ్డు పక్కన దుకాణంలో ఆగి, వేడి ఉంబాడియు మజ్జిగతో తిని చూడండి.