బోర్డు బడి నుంచి కమిటీ దాకా

ఈ వజ్రోత్సవ సంచికలో మన హైస్కూల్లో చదివి పేరు తెచ్చుకున్నవాళ్ల గురించి, పాఠాలు చెప్పిన మాస్టార్ల గురించి చాలామంది రాస్తున్నారు. నేను ఇక్కడే చదువుకున్నాను, ఇక్కడే ప్రధానోపాధ్యాయుడిగా రిటైరయ్యాను. అందుకని మిగతావాళ్లు ముట్టుకోని సంగతి ఒకటి రాస్తాను. ఈ బడిని అరవై ఏళ్లుగా ఎవరు నడిపారు? డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది? ఆ రెండిటికీ పిల్లల చదువుకూ ఉన్న సంబంధం ఏమిటి?

హైస్కూలు రాకముందే ఈ కథ మొదలైంది. 1884 మద్రాసు స్థానిక బోర్డుల చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. రోడ్లు, ఆసుపత్రులతో పాటు బడులు కూడా వాటి కిందికి వచ్చాయి. రైతు శిస్తుతో పాటు కట్టే భూమి సెస్సు బోర్డుకు ముఖ్యమైన ఆదాయం. 1920లో వచ్చిన మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. స్థానిక సంస్థలు విద్య కోసం విడిగా పన్ను వేసుకోవచ్చు, దానికి ప్రభుత్వం తన వాటా కలుపుతుంది. అంటే బడి ఖర్చులో కొంత ఆ ప్రాంతపు రైతు జేబులోంచే పోయేది, ఆ సంగతి రైతుకూ తెలిసేది. తాలూకా బోర్డులు 1934లో రద్దయ్యాక అంతా జిల్లా బోర్డు చేతికి వెళ్లింది. అప్పట్లో హైస్కూలు చదువంటే పట్నం చదువే. ఐదో తరగతి అయ్యాక బంధువుల ఇంట్లో పెట్టి చదివించగలిగినవాళ్లే ముందుకు వెళ్లారు. తక్కినవాళ్లు పొలానికి వెళ్లారు.

పంచాయతీరాజ్ పద్ధతిని సూచిస్తూ బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో ఇచ్చిన నివేదికతో ఈ ఏర్పాటు మారిపోయింది. 1959 అక్టోబరు 11న నెహ్రూ గారు షాద్‌నగర్‌ వచ్చి అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చి జిల్లా బోర్డులు పోయాయి. ప్రాథమిక పాఠశాలలు సమితికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుకు చేరాయి. మన హైస్కూలు ఆ తరువాతి ఉత్సాహంలో పుట్టిన బిడ్డ.

ఆ రోజుల్లో ఊరికి హైస్కూలు కావాలంటే ఊరే ముందు నడుం కట్టాలి. స్థలం రాసివ్వాలి, తాత్కాలికంగానైనా నీడ చూపించాలి, విరాళం పోగుచెయ్యాలి. ఆ కాగితాలు పట్టుకుని పెద్దలు మచిలీపట్నంలో జిల్లా పరిషత్ కార్యాలయం మెట్లెక్కాలి. పిన్నమనేని కోటేశ్వరరావు గారు ఏళ్ల తరబడి కృష్ణా జిల్లా పరిషత్తుకు అధ్యక్షులుగా ఉన్న రోజులను మా ముందుతరం ఇప్పటికీ తలుచుకుంటుంది. మన ఊళ్లో ఎకరానికి ఇంత అని ధాన్యం వసూలు చేశారు. తాటాకు పాకలో తరగతులు మొదలయ్యాయి. జీతాలకు ప్రభుత్వం గ్రాంటు ఇచ్చేది. అది జిల్లా పరిషత్తుకు చేరి, అక్కణ్నుంచి బడికి వచ్చేసరికి నెలలు గడిచిన సందర్భాలు ఉన్నాయని మా మాస్టార్లు చెప్పేవారు. పిల్లల దగ్గర ఆటల ఫీజు, రీడింగ్ రూమ్ ఫీజు అని వసూలు చేసే స్పెషల్ ఫీజే ప్రధానోపాధ్యాయుడి చేతిలో ఉండే డబ్బు. మన గ్రంథాలయంలోని పాత పుస్తకాలు చాలావరకు ఆ ఫీజుతో కొన్నవే.

ఆ కాలం స్వర్ణయుగమని కొందరు మిత్రులు అంటారు. నేను ఒప్పుకోను. అధికారం దగ్గరగా ఉండటం వల్ల మేలెంతో కీడూ అంతే. సమితి ప్రెసిడెంటుకు గిట్టని ఉపాధ్యాయుడికి ఏటి అవతలి ఊరికి బదిలీ వచ్చేది. ఎన్నికల్లో ఎవరి పక్షాన కనిపించాడన్నదాన్ని బట్టి మాస్టారి మకాం మారేది. పంచాయతీరాజ్ ఉపాధ్యాయులు సంఘాలు కట్టి పోరాడింది జీతాల కోసమే కాదు, ఆ పెత్తనం నుంచి బయటపడటానికి కూడా. ఇంకో మాట కూడా దాచకూడదు. ఎకరాల లెక్కన చందా ఇచ్చినవాళ్లే బడి వ్యవహారాల్లో మాట్లాడేవారు. ఎకరం లేనివాళ్లకు, ముఖ్యంగా దళితవాడకు, ఆ పంచాయితీలో కుర్చీ లేదు. వాళ్ల పిల్లలు బడికి రావడమే ఒక గెలుపుగా ఉన్న కాలం అది.

తరువాత జీతాలు 010 పద్దు కింద ట్రెజరీ నుంచి రావడం మొదలైంది. ఉపాధ్యాయుడికి నెల గడవడంలో నిశ్చింత వచ్చింది. ఆ భద్రత లేకుండా పల్లెకు మంచి ఉపాధ్యాయులు వచ్చేవారు కారు. ఎన్టీ రామారావు గారి హయాంలో 1986 చట్టంతో సమితులు పోయి మండలాలు వచ్చాయి. సమితి బడులు మండల పరిషత్ బడులయ్యాయి, మండల విద్యాధికారి పోస్టు వచ్చింది. నెలకు 398 రూపాయలకు పనిచేసిన స్పెషల్ టీచర్లు కూడా ఆ దశాబ్దం వాళ్లే. ‘398 మాస్టార్లు’ అని పిలిచేవాళ్లం. అంత తక్కువ డబ్బుకు ప్రభుత్వం అంత పని చేయించుకున్నందుకు ఇప్పటికీ బాధేస్తుంది. వాళ్లలో అద్భుతమైన ఉపాధ్యాయులను నేను చూశాను.

క్రమంగా జిల్లా పరిషత్ పేరు బోర్డు మీద మిగిలింది, నిర్ణయాలు మాత్రం విద్యాశాఖకు చేరాయి. ఇది బయటివాళ్లకు అంత తేలిగ్గా అర్థంకాదు. మన బడి స్థలం, భవనం జిల్లా పరిషత్తువి. ఉపాధ్యాయుల నియామకం డీఎస్సీ ద్వారా, బదిలీ విద్యాశాఖ ద్వారా. మన గుమస్తా, అటెండరు మాత్రం జిల్లా పరిషత్ ఉద్యోగులు, చాలాసార్లు కారుణ్య నియామకాల మీద వచ్చినవాళ్లు. ఉపాధ్యాయుడి జీతం ట్రెజరీలో, పాతతరం ఉపాధ్యాయుల ప్రావిడెంట్ ఫండ్ ఖాతా జిల్లా పరిషత్తులో. కూతురి పెళ్లికి పీఎఫ్ అప్పు కోసం మాస్టార్లు ఎక్కడికి తిరుగుతారో తెలిసినవాళ్లకు ఈ పాలన సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చి మనం ఎన్టీఆర్ జిల్లాలో చేరాం. కలెక్టరు, జిల్లా విద్యాధికారి విజయవాడలో. 2021లో ఏర్పడిన జిల్లా పరిషత్ పాలకవర్గం మాత్రం పాత ఉమ్మడి జిల్లాకే, మచిలీపట్నం నుంచే కొనసాగింది. దీనికి తోడు ప్రభుత్వ, పంచాయతీరాజ్ ఉపాధ్యాయుల ఏకీకృత సర్వీసు రూల్స్ వివాదం దశాబ్దాలుగా కోర్టుల్లో నలిగింది. దాని మూలాన ఎన్నో మండలాల్లో మండల విద్యాధికారి కుర్చీలో ఇన్‌ఛార్జీలే కూర్చున్నారు. తన బడి పని చూసుకుంటూ మండలంలోని బడులన్నీ పర్యవేక్షించమంటే ఏ మనిషికి సాధ్యం? రాజ్యాంగంలో 73వ సవరణ చేర్చిన పదకొండో షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక విద్య పంచాయతీలకు ఇవ్వదగిన అంశంగా ఉంది. 1993 నుంచి అది అమల్లో ఉన్నా మన సర్పంచికి బడి మీద దక్కిన అధికారం జెండా వందనానికి రావడమే.

డబ్బు కూడా ఇలాగే ఊరి చేతి నుంచి పైకి వెళ్లింది. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు, 2001లో సర్వశిక్షా అభియాన్, 2009లో మాధ్యమిక శిక్షా అభియాన్, 2018 నుంచి సమగ్ర శిక్ష, ఇలా కేంద్ర పథకాలు వచ్చాయి. ఇప్పుడు కేంద్రం 60, రాష్ట్రం 40 వాటాగా నిధులు వస్తాయి. సమగ్ర శిక్షలో బడికి నేరుగా వచ్చే గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 100 దాటి 250 లోపు ఉంటే ఏడాదికి 50 వేలు, 250 దాటి వెయ్యి లోపు ఉంటే 75 వేలు. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, ప్రయోగశాల సామగ్రి, మరుగుదొడ్ల శుభ్రత అన్నీ అందులోనే. నా హయాంలో ఆ గ్రాంటు వేసవి సెలవుల ముందు చేరిన ఏడాది ఉంది. అప్పటిదాకా మాస్టార్లే సొంత డబ్బు పెట్టారు. పిల్లలు తగ్గితే గ్రాంటు తగ్గుతుంది, పోస్టులు రేషనలైజేషన్‌లో పోతాయి, పోస్టు పోతే తల్లిదండ్రులు పిల్లల్ని ప్రైవేటు బస్సెక్కిస్తారు. చిన్న ఊళ్ల బడులు ఇలా బావిలోకి జారే చేదలా దిగిపోతున్నాయి. 2022లో 117 జీఓ కింద మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించారు, 2025లో ఆ విధానాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈ రెండుసార్లూ ఊరిని ఎవరూ అడగలేదు.

అయినా ఆశ పెట్టుకోవడానికి ఒక కారణం ఉంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. బలహీన వర్గాల తల్లిదండ్రులకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం, గ్రాంటు ఖర్చు చూడటం వాళ్ల పని. ఎకరాల లెక్కన నడిచిన పాత పెత్తనానికి ఇది చట్టం ఇచ్చిన జవాబు. 2019 నవంబరులో బడుల మరమ్మతుకు మొదలైన నాడు-నేడులో తల్లిదండ్రుల కమిటీ ఖాతాకే డబ్బు పడింది. సున్నం, ఇసుక, కూలి లెక్కలు కూలి పని చేసుకునే తల్లులు రాశారు. మధ్యాహ్న భోజనం వండేది కూడా పొదుపు సంఘాల తల్లులే. 2003 జనవరిలో ఆ పథకం మొదలయ్యాక హాజరు పట్టీల్లో వచ్చిన మార్పు నా కళ్లతో చూశాను.

కానీ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. చట్టం కమిటీలో కుర్చీ వేసేనాటికి ఊళ్లో మాట చెల్లుబాటయ్యే కుటుంబాలు తమ పిల్లలను ఈ బడి నుంచి తీసుకువెళ్లిపోయాయి. మిగిలినవాళ్లు ఎస్సీ, బీసీ కుటుంబాల తల్లిదండ్రులు, పొద్దున్నే పనికి పోవాల్సినవాళ్లు. మీటింగు మధ్యాహ్నం పెడితే ఒక రోజు కూలి పోతుంది. అందుకే తీర్మానాల పుస్తకం ఇంటింటికీ సంతకాలకు తిరగడం చాలా ఊళ్లలో మామూలైంది. తప్పు ఆ తల్లులది కాదు. కమిటీని లెక్కలోకి తీసుకోని మాలాంటి ప్రధానోపాధ్యాయులది, అధికారులది, ఊరిది.

మరి పిల్లల చదువు? పదో తరగతి ఉత్తీర్ణత శాతం ఒక్కటే ఫ్లెక్సీ మీద వేయడం నాకు నచ్చదు. ఆరో తరగతిలో చేరే పిల్లల్లో ఎంతమందికి చదవడం వచ్చు అన్నది అసలు ప్రశ్న. 2022, 2024 అసర్ సర్వేల్లో మన రాష్ట్ర గ్రామీణ ప్రాంతంలో ఐదో తరగతి పిల్లల్లో సగానికి పైగా రెండో తరగతి పాఠం చదవలేకపోయారు. ఆ పిల్లలకు ఆరులో సైన్సు చెప్పమని స్కూల్ అసిస్టెంటును నిలబెడుతున్నాం. జిల్లా పరిషత్ హైస్కూలు ఒకరి చేతిలో, దానికి పిల్లలను పంపే మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఇంకొకరి లెక్కలో ఉండటం వల్ల, ఆ లోటుకు ఎవరూ జవాబుదారీ కావడం లేదు. ఈ రెండు బడుల కమిటీలూ ఏడాదికి రెండుసార్లు కలిసి కూర్చుంటే ఖర్చు లేకుండా సగం దారి సాగుతుంది. అది మన చేతిలో పనే.

పూర్వ విద్యార్థులకు నా విన్నపం. వజ్రోత్సవం పేరున మీరు పోగుచేసిన డబ్బుతో ముఖద్వారం కట్టాలని ప్రతిపాదన ఉంది. ఆ డబ్బును యాజమాన్య కమిటీ తీర్మానంతో, కమిటీ ఖాతా ద్వారానే ఖర్చు పెట్టండి. ఏం కావాలో ఆ తల్లులనే అడగండి. చదవడం వెనకబడిన ఆరో తరగతి పిల్లలకు సాయంత్రం క్లాసు కావాలంటే ముందు దానికివ్వండి. ఊళ్లో ఉన్నవాళ్లు కమిటీ సమావేశం సాయంత్రం ఆరుకు పెట్టమని ప్రధానోపాధ్యాయుణ్ని అడగండి, వచ్చి వెనక బల్ల మీద కూర్చోండి. మీ పిల్లలు ఇక్కడ చదవకపోయినా రండి.