పాత రైఫిలునకు క్రొత్త కన్ను

1860వ సంవత్సరము జూలై 2వ తేదీన ఇంగ్లండు నందలి వింబుల్డన్ మైదానమున విక్టోరియా రాణి ఒక త్రాడును లాగెను. పీఠముపై బిగించిన విట్‌వర్తు రైఫిలు ప్రేలి, 400 గజముల దూరమున నున్న లక్ష్యపు నడిమి చుక్కకు మిక్కిలి చేరువగా గుండు తగిలెను. జాతీయ రైఫిలు సంఘము వారి మొదటి పోటీ లట్లు ఆరంభమైనవి. రాణిగారికి గురి చూడవలసిన పని లేకపోయెను. నిపుణులు ముందుగనే చూచి బిగించియుండిరి. తక్కిన పోటీదారులకు తమ కన్ను, రైఫిలు కన్ను అను రెండే ఆధారములు. ఆ రెండవ కంటికే వెనుక సైటని పేరు.

1871లో బ్రిటిషు సైన్యము మార్టినీ-హెన్రీ రైఫిలును స్వీకరించెను. బోయరు యుద్ధానుభవము వలన, పౌరులకు గురి నేర్పవలెనను ఆలోచన ఆ దేశమున ప్రబలమైనది. 1901లో శ్రామికుల రైఫిలు క్లబ్బుల సంఘ మొకటి వెలసినది. సేనాని లార్డు రాబర్ట్సు ఈ ఉద్యమమునకు పెద్ద అండగా నిలిచెను. ఊరూర 25 గజముల చిన్న సాలలలో .22 తూటాలతో అభ్యాసము సాగెను. ఆ క్లబ్బులకై బర్మింగుహామునందలి బి.ఎస్.ఎ. కర్మాగారము మార్టినీ పద్ధతి చిన్న రైఫిళ్లను తయారుచేసెను. పార్కర్-హేల్ మొదలగు సంస్థలు వానికి మరలతో కదలు సైట్లను చేసెను.

ఈ సైటు నడుమ ఒక సన్నని బెజ్జ ముండును. గాడి సైటునందు గాడి, ముందు సైటు, లక్ష్యము అను మూటిని కన్ను ఒకేసారి స్పష్టముగా చూడజాలదు. బెజ్జమునుండి చూచునపుడు కన్ను తనంతట తానే నడిమికి చేరును. ముందు సైటును లక్ష్యముతో కలిపిన చాలును. చూపు తగ్గిన పెద్దలు సైతము దీనిచే చక్కగా గురి చూడగలిగిరి.

అయితే ఈ సైట్లు ఊడదీయుటకు వీలైనవి. అందుచే రైఫి లొకచోటను, సైటు వేరొకచోటను చేరుట సామాన్యమైనది. నేడు పాత రైఫిలు చేతికి వచ్చినవాడు తరచుగా చూచునవి రెండు ఖాళీ మరబెజ్జములే. అచ్చట వేరొక సైటు నమర్చుట ఎట్లు?

మొదట రైఫిలున తూటా లేదని కంటితోను, వ్రేలితోను నిశ్చయించుకొనవలెను. పిమ్మట బెజ్జముల మరచుట్టును కొలువవలెను. బ్రిటిషు పనివారు చిన్న మరలకు 1884లో ఏర్పడిన బి.ఎ. కొలతలను విరివిగా వాడిరి. అమెరికా సైట్ల మరల కొలతలు వేరు. చూపునకు రెండును ఒక్కటిగనే తోచును. మర మొదటి చుట్లు వ్రేళ్లతోనే తిరుగవలెను, బిగిసినచో ఆపవలెను. బలవంతముగా త్రిప్పినచో నూరేండ్ల మరచుట్టు ఒక్క నిమిషమున చెడును. మర మిక్కిలి పొడవైనచో లోపలి యంత్రమునకు తగులును. సైటు నిలువుకమ్మి సరిగా నిటారుగా నుండవలెను. వంగియున్నచో ఎత్తు మార్చినప్పుడెల్ల గుండు ప్రక్కకు తొలగును.

ఇంత జాగ్రత్త ఏల? లెక్క చూడుడు. రెండు సైట్ల నడుమ దూరము 30 అంగుళములనుకొందము. 25 గజములనగా 900 అంగుళములు, అనగా ముప్పదిరెట్లు. వెనుక సైటు అంగుళమున నూరవ వంతు కదలినచో లక్ష్యముకడ గుండు అంగుళమున పదింట మూడు వంతులు కదలును. గుండు ఏవైపునకు పోవలెనో సైటు నావైపునకే జరుపవలెను. ఒక్క దెబ్బను చూచి మార్చరాదు. ఐదు దెబ్బల గుంపు నడిమిని చూచి మార్చవలెను.

బెజ్జములకు సరిపడు సైటు దొరకనిచో, ఇనుమున క్రొత్త బెజ్జములు తొలుచుటయే సులభమని కొందరందురు. కాని తొలిచిన ఇనుము మరల పూడదు. ఆ ఖాళీ బెజ్జములే ఆ రైఫిలునకు మొదట ఏ సైటు అమరియుండెనో చెప్పు సాక్ష్యము. వానిని చెరిపినచో ఒక చరిత్రపత్రమును చింపినట్లే. పాత బెజ్జములకు తగినట్లు నడుమ నొక పలుచని లోహపు పలకను చేయించి, దానిపై క్రొత్త సైటును బిగించుట మేలు. రేపు అసలు సైటు దొరకినచో పలకను తీసివేయవచ్చును. మన దేశమున నైనచో 1959 ఆయుధ చట్టము ననుసరించి ఇట్టి పనిని లైసెన్సు గల పనివానిచేతనే చేయింపవలెను.

సైటు లేని రైఫిలు గోడకు అలంకారమే. గురి చూడని రైఫిలునకు తన విద్య మరచినట్లే. దానికి చూపు నీయవలెను, కాని దాని గుర్తును చెరుపరాదు. మనము చేసిన మార్పును మన తరువాతివాడు విప్పుకొనుటకు వీలుండవలెను. పాతవస్తువును బాగుచేయువానికి ఇదియే మొదటి ధర్మము.