రాజధాని వచ్చిన నాటి అద్దె గదులు

పెరట్లో రెండు గదులు వేసి, ఆర్నెల్లకో ఏడాదికో అద్దెకిద్దామని మీలో చాలామంది అనుకుంటూనే ఉంటారు. కర్నూలు ఆ ముచ్చట ఎప్పుడో చూసింది.

1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక పుణ్యమా అని, 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. మద్రాసు నుంచి కాగితాల కట్టలూ, వాటి వెంట గుమాస్తాల సంసారాలూ దిగాయి. ఊళ్ళో ఇళ్ళు చాలవు. ఆఫీసులకీ, ఉద్యోగులకీ గుడారాలు వేశారు. కర్నూలు ఎండలో గుడారం కింద పొయ్యి వెలిగించడమంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా! ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అన్న పేటల పేర్లు నేటికీ ఉన్నాయి.

గుడారం వద్దనుకున్నవారికి దిక్కు ఊళ్ళోవాళ్ళ మిద్దెలే. మందపాటి గోడల మట్టి మిద్దె వేసవిలో చల్లన. వానకు మాత్రం పైన చౌడు మట్టి పరవకపోతే కారుతుంది. ఇంట్లో ఒక భాగం అద్దెకివ్వాలంటే వేరే వాకిలి, పొయ్యి, స్నానానికి జలదారి, బిందె పెట్టుకోను ఒక బండ ఉండాలి. నీళ్ళ దగ్గర మాట తేడా రాకుండా ముందే చెప్పుకోవాలి, అది వేరే కథ!

1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. మొత్తం మూడేళ్ళ ఒక నెల. ఆరేళ్ళ వాయిదాల మీద అప్పు తెచ్చి గది వేసిన ఇల్లాలుంటే, సగం బాకీ ఉండగానే గది ఖాళీ అయిందన్నమాట.

అందుకే మీరు గది వేయించేటప్పుడు మధ్యగోడలో ఒక తలుపు పెట్టమని మేస్త్రీతో చెప్పండి. అద్దెకున్నన్నాళ్ళూ రెండువైపులా గడియ. వాళ్ళు వెళ్ళిననాడు అది మీ అమ్మాయి పురిటి గది.