ఉగ్గు నుంచి ఇంటి భోజనానికి: ఓర్వకల్లు మెట్ట ప్రాంతంలో పసిపిల్లల ఆహారం

ఆరు నెలలు నిండిన బిడ్డకు అన్నప్రాశన జరిపించడం తెలుగునాట తరతరాలుగా వస్తున్న ఆచారం. అయితే ఆ వేడుక ముగిసిన నాటి నుంచి రెండేళ్లు నిండే వరకు బిడ్డ రోజూ ఏమి తింటున్నది, ఎన్నిసార్లు తింటున్నది, ఎంత చిక్కగా తింటున్నది అన్న విషయాలకు ఆ వేడుకకు దక్కినంత శ్రద్ధ దక్కడం లేదు. తల్లిపాలు, ఉగ్గు, గంజి దశ నుంచి ఇంటిల్లిపాది తినే భోజనానికి బిడ్డ చేరుకునే ఈ ఏడాదిన్నర కాలమే ఎదుగుదలకు అత్యంత కీలకమైనది. ఈ కాలంలో కుంటుపడిన ఎత్తును తరువాత పూర్తిగా రాబట్టుకోవడం కష్టమని పోషకాహార నిపుణులు స్పష్టం చేస్తున్నారు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు వంటి మెట్ట మండలంలో ఈ మార్పు ఏ విధంగా జరగాలి, అందుకు ఇంటిలోను, గ్రామంలోను ఉన్న వనరులేమిటి అన్నది ఈ వ్యాస విషయం.

సమస్య తీవ్రత

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లలలో 31.2 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేనివారు. 29.6 శాతం మంది వయసుకు తగిన బరువు లేనివారు. 2015-16 సర్వేలో ఎత్తు తక్కువగా ఉన్నవారు 31.4 శాతం. అంటే రెండు సర్వేల మధ్య కాలంలో ఈ అంశంలో మార్పు దాదాపు లేదు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలలో రక్తహీనత 58.6 శాతం నుంచి 63.2 శాతానికి పెరిగింది. దేశం మొత్తం మీద 6 నుంచి 23 నెలల పిల్లలలో తగినంత ఆహారం పొందుతున్నవారు సుమారు 11 శాతం మాత్రమేనని అదే సర్వే తెలిపింది.

ఈ అంకెల వెనుక ఉన్న కారణాలలో పేదరికం ఒకటి. అయితే ఇంటిలో ధాన్యం, పప్పు, నూనె ఉండి కూడా బిడ్డ గిన్నెలోకి అవి తగిన సమయంలో, తగిన రూపంలో చేరకపోవడం మరొక ముఖ్య కారణం. ఈ రెండవ కారణాన్ని సరిదిద్దుకోవడం గ్రామ స్థాయిలోనే సాధ్యం.

ఓర్వకల్లు నేపథ్యం

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే జాతీయ రహదారిపై ఉన్న ఓర్వకల్లు రాతి వనాలకు, 2021 మార్చిలో ప్రారంభమైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయానికి నెలవుగా నేడు అందరికీ తెలిసిన ఊరు. అంతకు చాలా ముందే ఈ మండలానికి పేరు తెచ్చినవి మహిళా పొదుపు సంఘాలు. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సహాయంతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలలో చేపట్టిన దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం కింద ఇక్కడి మహిళలు సంఘటితమయ్యారు. ఓర్వకల్లు పొదుపులక్ష్మి ఐక్య సంఘం ఆ ఉద్యమ ఫలితమే. ఆ అనుభవం తరువాతి కాలంలో వెలుగు, ఇందిరా క్రాంతి పథం కార్యక్రమాలకు మార్గదర్శకమైంది.

ఈ ప్రాంతంలో సేద్యం ప్రధానంగా వర్షాధారం. జొన్న, కొర్ర, కంది, శనగ, వేరుశనగ ఇక్కడి మెట్ట పంటలు. జొన్నరొట్టె, సంగటి, కొర్రన్నం, పప్పు, ఆకుకూర ఇక్కడి ఇంటి వంటలు. బిడ్డను ఇంటి భోజనానికి అలవాటు చేయడమంటే చివరకు ఈ వంటలకు అలవాటు చేయడమే. ఇందుకు అంగడిలో డబ్బా ఆహారం కొనవలసిన అవసరం లేదు.

వయసును బట్టి ఆహారం

ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసులు, 2006లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన శిశు ఆహార జాతీయ మార్గదర్శకాలు ఈ మార్పును దశలవారీగా సూచిస్తున్నవి.

6 నుంచి 8 నెలలు: తల్లిపాలు కొనసాగిస్తూ రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా మెదిపిన ఆహారం ఇవ్వాలి. రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి క్రమంగా అరగిన్నె వరకు పెంచాలి. ఇక్కడ గిన్నె అంటే 250 మిల్లీలీటర్లు పట్టేది.

9 నుంచి 11 నెలలు: రోజుకు మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ సుమారు అరగిన్నె. ఆహారాన్ని పూర్తిగా మెత్తబరచక చిన్న చిన్న పలుకులు తగిలేటట్లు ఉంచాలి. బిడ్డ తన చేతితో పట్టుకుని తినగల మెత్తని ముక్కలు అందించాలి.

12 నుంచి 23 నెలలు: రోజుకు మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ ముప్పావు గిన్నె నుంచి పూర్తి గిన్నె వరకు, అదనంగా ఒకటి రెండుసార్లు చిరుతిండి. ఏడాది నిండేసరికి చాలామంది పిల్లలు ఇంటి వంటనే తినగలుగుతారు. రెండేళ్లు, ఆ పైన కూడా తల్లిపాలు కొనసాగించవచ్చును.

పలుకు తగిలే ఆహారం పది నెలల లోపే అలవాటు చేయడం ముఖ్యం. ఏడాది దాటినా వడగట్టిన జావ, పాలలో నానబెట్టిన బిస్కెట్లతోనే సరిపెట్టిన పిల్లలు తరువాత నమలడానికి మొరాయిస్తారు. అన్నం పెడితే ఉమ్మివేసే బిడ్డను చూసి తల్లి మళ్లీ పాలకే మళ్లుతుంది. పాలతో కడుపు నిండిన బిడ్డకు ఆకలి వేయదు. అన్నం ఇంకా తగ్గుతుంది. పాలలో ఇనుము అత్యల్పం కనుక రక్తహీనత మొదలవుతుంది.

పలుచన కాదు, చిక్కదనం

బిడ్డ కడుపు చిన్నది. కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్ల చొప్పున, ఎనిమిది కిలోల బిడ్డ కడుపులో ఒకసారికి పట్టేది ఒక గ్లాసు ఆహారమే. 20 గ్రాముల పిండితో కాచిన పలుచని జావ ఆ గ్లాసు నింపితే బిడ్డకు అందేది సుమారు 70 కిలో కాలరీల శక్తి మాత్రమే. అదే కడుపులో 40 గ్రాముల కొర్రబియ్యం, 15 గ్రాముల కందిపప్పు కలిపి మెత్తగా వండి ఒక చిన్న చెంచా నూనె లేదా నెయ్యి చేర్చి పెడితే 230 కిలో కాలరీల వరకు అందుతుంది. తల్లిపాలు తాగుతున్న ఏడాది దాటిన బిడ్డకు ఇతర ఆహారం ద్వారా రోజుకు సుమారు 550 కిలో కాలరీలు అందవలసి ఉన్నది. పలుచని జావతో ఈ లెక్క ఏనాటికీ పూర్తి కాదు.

దీనికి సులభమైన పరీక్ష ఉన్నది. చెంచాను వంచినప్పుడు ఆహారం నీళ్లవలె జారిపోకుండా చెంచాపై నిలిచి మెల్లగా పడవలెను. రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పట్టించిన పిండి వాడినట్లయితే ఎక్కువ పిండి వేసినా జావ గట్టిపడక బిడ్డ మింగడానికి వీలుగా ఉంటుంది. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియం ఉన్నది.

ఇంటి కుండ నుంచే బిడ్డ గిన్నెకు

బిడ్డకు వేరుగా వంట చేయడం పొలం పనులకు వెళ్లే తల్లికి సాధ్యం కాదు. అందువలన ఇంటి వంటలోనే బిడ్డ భాగాన్ని వేరుచేయడం ఆచరణయోగ్యమైన పద్ధతి. పప్పు, ఆకుకూర ఉడికిన తరువాత కారం, చింతపండు వేయడానికి ముందే ఒక గరిటెడు తీసి పక్కన ఉంచాలి. అందులో సంగటి లేదా అన్నం మెదిపి, నూనె గాని నెయ్యి గాని కలపాలి. ఏడాది లోపు బిడ్డకు ఉప్పు, చక్కెర వేయకపోవడమే మంచిది. ఏడాది దాటిన తరువాత కారం అతి స్వల్పంగా మొదలుపెట్టి నెలల వ్యవధిలో ఇంటి రుచికి చేరవచ్చును.

జొన్నరొట్టెను నేరుగా పెడితే బిడ్డ నమలలేదు. దానిని చిన్న ముక్కలుగా తుంచి పలుచని పప్పులో గాని పాలలో గాని నానబెట్టి మెదిపి పెట్టాలి. ఈ ప్రాంతంలో బుడ్డలు అని పిలిచే వేరుశనగలు మంచి మాంసకృత్తులు, కొవ్వు గల ఆహారం. అయితే గింజలను గింజలుగా ఇస్తే గొంతుకు అడ్డుపడి ప్రాణాపాయం కలుగవచ్చును. వాటిని వేయించి మెత్తగా పొడి చేసి సంగటిలో కలిపి పెట్టాలి. వేయించిన శనగలకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

రోజూ కనీసం అయిదు రకాల ఆహార వర్గాలు బిడ్డకు అందాలన్నది ప్రమాణం. తల్లిపాలు, ధాన్యాలు, పప్పులు, పాలు పెరుగు, మాంసం చేపలు, గుడ్లు, విటమిన్-ఎ గల పండ్లు కూరగాయలు, ఇతర పండ్లు కూరగాయలు అనునవి ఎనిమిది వర్గాలు. తల్లిపాలు, కొర్రన్నం, కందిపప్పు, మునగాకు, ఒక గుడ్డు చేరితే అయిదు వర్గాలు పూర్తవుతాయి. ఏడాది లోపు బిడ్డకు తేనె ఇవ్వరాదు. టీ ఏ వయసు పసిబిడ్డకూ తగదు. ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అది అడ్డుపడుతుంది.

తినిపించడం కూడా ఒక పని

బిడ్డకు ప్రత్యేకంగా ఒక గిన్నె ఉండాలి. పెద్దల కంచంలో కలిపి పెడితే ఎంత తిన్నదీ తెలియదు. బలవంతంగా కుక్కడం, భయపెట్టడం తగదు. కొత్త రుచిని ఒకటి రెండుసార్లు నిరాకరించినంత మాత్రాన మానివేయరాదు. ఎనిమిది పది పర్యాయాలు రుచి చూపిన తరువాత గాని కొందరు పిల్లలు అలవాటు పడరు.

విరేచనాలు, జ్వరం వచ్చినప్పుడు పత్యం పేరిట ఆహారం మాన్పించడం హానికరం. విరేచనాలకు ఓఆర్ఎస్ ద్రావణం, 14 రోజులు జింక్ మాత్ర ఇస్తూ ఆహారం కొనసాగించాలి. కోలుకున్న తరువాత రెండు వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా పెట్టాలి. తినిపించే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

తల్లి పొలానికి వెళ్లిన వేళ

మెట్ట ప్రాంతంలో ఈ సూచనలన్నిటికీ ఎదురయ్యే అసలు ప్రశ్న సమయం. కలుపు, కోత రోజులలో తల్లి ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి వస్తుంది. ఆ మధ్య కాలంలో బిడ్డ అవ్వ వద్దనో, అక్క వద్దనో ఉంటుంది. రోజుకు నాలుగుసార్లు తినవలసిన బిడ్డ రెండుసార్లు మాత్రమే తిని, నడుమ అంగడి చిరుతిళ్లతో గడుపుతుంది. కనుక తల్లికి మాత్రమే చెప్పే సలహా సగం సలహాయే. అవ్వను, తండ్రిని కూడా పోషణ సమావేశాలకు పిలవవలసి ఉన్నది.

ఈ లోటు గుర్తించే 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు లేదా అంతకు మించి పనిస్థలానికి వచ్చినప్పుడు వారిని చూసుకునేందుకు ఒక మహిళను నియమించాలని నిర్దేశించింది. సమైక్య రాష్ట్రంలో ఇందిరా క్రాంతి పథం కింద గ్రామ సమాఖ్యలు గర్భిణులు, బాలింతలు, పసిపిల్లల కోసం పోషకాహార, దినసంరక్షణ కేంద్రాలను నిర్వహించాయి. పొదుపు సంఘాల బలం ఉన్న ఓర్వకల్లు వంటి మండలంలో పిల్లల పూట గడిచే బాధ్యతను సంఘ సమావేశంలో చర్చించడం కొత్త విషయమేమీ కాదు.

ప్రభుత్వ సేవలు

1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద అంగన్‌వాడీ కేంద్రాల ద్వారా మూడేళ్ల లోపు పిల్లలకు ఇంటికి తీసుకువెళ్లే ఆహారం అందుతున్నది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ఆరు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 500 కిలో కాలరీల శక్తి, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు గల ఆహారాన్ని హక్కుగా చేసింది. తీవ్ర పోషణ లోపం గలవారికి ఇది 800 కిలో కాలరీలు. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెతో తయారైన బాలామృతం ఈ కోవలోనిదే. రోజుకు 100 గ్రాముల చొప్పున నెలకు 25 రోజులకు లెక్కకట్టి రెండున్నర కిలోల పొట్లంగా ఇచ్చే ఈ పిండి ఇంటి భోజనానికి తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు. ఇంటిలో పెద్ద పిల్లలు కూడా దానిని పంచుకుంటే పసిబిడ్డ వాటా తగ్గుతుంది.

ఆరు నెలలు నిండిన పిల్లలకు వారానికి రెండుసార్లు ఐరన్ ద్రావణం, తొమ్మిదవ నెల నుంచి విటమిన్-ఎ, ఏడాది దాటినవారికి నులిపురుగుల మాత్ర ఆరోగ్య సిబ్బంది ద్వారా లభిస్తాయి. దండచేయి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువగా ఉన్న బిడ్డను తీవ్ర పోషణ లోపం గలదిగా భావించి వెంటనే వైద్య పరీక్షకు పంపవలెను.

పాత్రికేయులు, అధికారులు గమనించదగినవి

గ్రామ సందర్శనలో బిడ్డ బరువుతో పాటు నాలుగు ప్రశ్నలు అడిగినట్లయితే వాస్తవ స్థితి బోధపడుతుంది. నిన్న బిడ్డ ఎన్నిసార్లు తిన్నది? ఎన్ని రకాలు తిన్నది? ఆహారం చెంచాపై నిలిచిందా? తల్లి ఇంటిలో లేని వేళ ఎవరు తినిపించారు? పంపిణీ అయిన పొట్లాల సంఖ్య కన్న ఈ జవాబులే బిడ్డ స్థితిని ఎక్కువగా చెబుతాయి.

రెండేళ్ల లోపు పిల్లల ఆహారాలు, పాలపొడులు, పాలసీసాల ప్రచారాన్ని 1992 నాటి చట్టం, దానికి 2003లో చేసిన సవరణ నిషేధించినవి. పత్రికలు, ప్రసార మాధ్యమాలు కూడా ఈ నిషేధ పరిధిలోనివే. కనుక శిశు ఆహారంపై వచ్చే వార్తలు, ప్రాయోజిత కథనాలను ప్రచురించే ముందు ఈ నిబంధనను పరిశీలించుకోవడం అవసరం.

కొర్ర, జొన్న, కంది, బుడ్డలు పండే నేలలో పసిబిడ్డకు కావలసిన ఆహారం ఇంటి ముంగిటనే ఉన్నది. దానిని కారం పడక ముందే ఒక గరిటెడు తీసి, చిక్కగా మెదిపి, రోజుకు నాలుగుసార్లు ఓపికతో తినిపించే మనిషి బిడ్డ చెంత ఉండేటట్లు చూడడమే కుటుంబం, సంఘం, ప్రభుత్వ యంత్రాంగం కలసి నెరవేర్చవలసిన బాధ్యత.